మైనస్ 8 ఘనమూలం మైనస్ 2 కాదట!

మొన్నమొన్నటి దాకా నాకు 'సంకీర్ణం' అంటే సంకీర్ణ ప్రభుత్వం ఒక్కటే తెలుసు. నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం కదా, లెక్కల్లో తెలుగు మాట ఒక్కటీ చెవిన పడలేదు. కాంప్లెక్స్ నంబర్లని తెలుగులో 'సంకీర్ణ సంఖ్యలు' అంటారని మన క్లబ్బులో ఒక సీనియర్ అన్న చెప్తే పడీ పడీ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే పేరు భలే కుదిరిందనిపించింది. వాస్తవ భాగం ఒక పార్టీ, కల్పిత భాగం ఇంకో పార్టీ. ఇద్దరూ కలిస్తేనే సంఖ్య. ఒకరిని పక్కన పెట్టి నడిపిద్దామంటే ఏదో ఒక రోజు కూలిపోతుంది.

ఈ సెమిస్టర్‌లో నా ల్యాబ్ రికార్డు అలాగే కూలింది. ఎందుకు కూలిందో చెప్పి, ఆ తర్వాత నా అభిప్రాయం చెప్తాను.

న్యూమరికల్ మెథడ్స్ ల్యాబ్‌లో నాకు వచ్చిన ప్రోగ్రామ్ కార్డానో సూత్రం. మూడో ఘాతం సమీకరణానికి మూలం కనుక్కోవాలి. సూత్రం పెద్ద కష్టం కాదు. సమీకరణం 'ఎక్స్ ఘనం + పీ ఎక్స్ = క్యూ' అనుకోండి. క్యూలో సగాన్ని వర్గం చేసి, దానికి పీలో మూడో వంతు ఘనాన్ని కలిపి, వర్గమూలం తీయాలి. ఆ వర్గమూలాన్ని క్యూలో సగానికి ఒకసారి కలిపి, ఒకసారి తీసేస్తే రెండు సంఖ్యలు వస్తాయి. రెండింటి ఘనమూలాలు కూడితే జవాబు. పైథాన్‌లో పది లైన్లు కూడా పట్టలేదు. వర్గమూలానికి 0.5, ఘనమూలానికి (1/3). అంతే.

పరీక్షించడానికి నెట్‌లో దొరికిన ఒక పాత సమీకరణం తీసుకున్నాను: ఎక్స్ ఘనం = 15 ఎక్స్ + 4. ఇది ఇటలీలో బొంబెల్లి 1572లో అచ్చువేసిన తన ఆల్జీబ్రా పుస్తకంలో చేసి చూపించిన లెక్క. దీని జవాబు 4. 64 = 60 + 4, సరిపోయింది. కానీ సూత్రంలో పెడితే మధ్యలో మైనస్ 121కి వర్గమూలం తీయాల్సి వస్తుంది. అంటే 11 ఐ. వర్గమూలం తీయడానికే కుదరదనుకున్న సంఖ్య దారి మధ్యలో వచ్చి, చివర్లో తనంతట తానే మాయమై 4 మిగులుతుంది. బొంబెల్లి గొప్పతనం ఏంటంటే, ఆ దారిలో భయపడి ఆగిపోకుండా చివరిదాకా వెళ్ళడం.

నా ప్రోగ్రామ్ కూడా చివరిదాకా వెళ్ళింది. జవాబు 4 వచ్చింది. కాకపోతే పక్కన దుమ్ములాంటి కల్పిత భాగం ఒకటి అంటుకుని ఉంది, పది మైనస్ పదహారో ఘాతం సైజులో. కంప్యూటర్ దశాంశాలను గుండ్రం చేయడం వల్ల వచ్చే చెత్త అది. చూడ్డానికి బాగాలేదని చివర్లో 'డాట్ రియల్' పెట్టి దులిపేశాను. స్క్రీన్ మీద నీట్‌గా 4.0. సర్ చూశారు, రికార్డులో సంతకం పెట్టారు. నేను క్యాంటీన్‌కి వెళ్ళిపోయాను.

రెండు వారాల తర్వాత, ల్యాబ్ ఎగ్జామ్ ముందురోజు రాత్రి, నా రూమ్మేట్ నా ప్రోగ్రామ్ కాపీ చేసుకుని కార్డానో సొంత ఉదాహరణ ఇచ్చి చూశాడు. 1545లో వచ్చిన కార్డానో పుస్తకం 'ఆర్స్ మాగ్నా'లో ఉన్న లెక్కే: ఎక్స్ ఘనం + 6 ఎక్స్ = 20.

"ఒరేయ్, 3.098 వస్తోందేంట్రా?"

"అయితే అదే జవాబు."

"2 పెట్టి చూడరా. ఎనిమిది ప్లస్ పన్నెండు, ఇరవై."

అవును, 2. నోటి లెక్క. మా ప్రోగ్రామ్ ఇచ్చిన 3.098 పెడితే 20 బదులు 48.3 వస్తుంది. కొద్దిగా కూడా దగ్గర్లో లేదు.

డాట్ రియల్ తీసేసి చూస్తే అసలు బండారం బయటపడింది. జవాబు 3.098 + 0.634 జే. కల్పిత భాగం దుమ్ము కాదు, బండరాయి. నేను దాన్ని కూడా దులిపేశాను.

ఇంతకీ తప్పు ఎక్కడ? ఈ లెక్కలో లోపల వచ్చే రెండు సంఖ్యలూ వాస్తవాలే: 20.392, మైనస్ 0.392. మొదటిదాని ఘనమూలం 2.732. రెండోదానిది మైనస్ 0.732. కూడితే 2. కానీ పైథాన్ రెండోదానికి మైనస్ 0.732 ఇవ్వలేదు. 0.366 + 0.634 జే ఇచ్చింది. చిన్న సంఖ్యతో చూద్దామని (-8)(1/3) కొట్టాను. మైనస్ 2 రాలేదు. 1 + 1.732 జే వచ్చింది.

తమాషా చూడండి. సంకీర్ణ సంఖ్యలు లేకుండా దాటలేని బొంబెల్లి లెక్కలో ప్రోగ్రామ్ కరెక్ట్. వాటి అవసరమే లేని కార్డానో లెక్కలో ప్రోగ్రామ్ తప్పు.

మొదట నాకు పైథాన్ మీద కోపం వచ్చింది. కానీ న్యాయంగా మాట్లాడితే అది అబద్ధం చెప్పలేదు. 1 + 1.732 జేని ఘనం చేసి చూడండి, మైనస్ 8 వస్తుంది. ఇంటర్ సెకండియర్ టూఏలో డిమోవర్ సిద్ధాంతం చదివాం కదా. ప్రతి సంఖ్యకీ మూడు ఘనమూలాలు. మైనస్ 8కి అవి ఒక వృత్తం మీద 60, 180, 300 డిగ్రీల దగ్గర కూర్చుంటాయి. మనకి అలవాటైన మైనస్ 2 ఉండేది 180 దగ్గర. లైబ్రరీ ఒక్కటే జవాబు ఇవ్వాలి కాబట్టి ఒక ఒప్పందం పెట్టుకున్నారు: సంఖ్య కోణాన్ని మైనస్ 180 నుంచి 180 డిగ్రీల మధ్యలో తీసుకో, దాన్ని మూడుతో భాగించు. మైనస్ 8 కోణం 180, మూడో వంతు 60. దీన్నే ప్రధాన విలువ అంటారు. అది ప్రకృతి నియమం కాదు, మనుషులు కూర్చుని రాసుకున్న రూలు. ఎంసెట్ షార్ట్‌కట్లలో ఒమేగా, ఒమేగా స్క్వేర్ బట్టీ పట్టిన నాకు ఈ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

ఇంకో సంగతి కూడా ఉంది. నేను 1/3 అని రాసినా కంప్యూటర్‌కి అందేది మూడో వంతు కాదు. దానికి రెండు ఘాతాలతోనే పని. అందుకని 1/3కి బదులు 6004799503160661 ని రెండు యాభైనాలుగో ఘాతంతో భాగిస్తే వచ్చే సంఖ్యని పెట్టుకుంటుంది. ఈ భిన్నంలో లవం బేసి, హారం సరి. రుణసంఖ్యకి ఆ ఘాతంలో వాస్తవ విలువ అసలు లేదు. అంటే నేను ఘనమూలం అడిగాననుకున్నాను గానీ, నిజానికి అడగనే లేదు. ఘనమూలమే కావాలంటే వేరే ఫంక్షన్ ఉంది. పైథాన్ 3.11 నుంచి మ్యాథ్ మాడ్యూల్‌లో 'సీబీఆర్‌టీ' వచ్చింది, నమ్‌పైలోనూ అదే పేరు, మ్యాట్‌ల్యాబ్‌లో 'ఎన్త్‌రూట్'. మూడూ బుద్ధిగా మైనస్ 2 ఇస్తాయి.

సరే, ఇంతవరకు తప్పు నాదే అని ఒప్పుకుంటున్నా. ఇప్పుడు నా అసలు ఫిర్యాదు.

మైనస్ 1కి వర్గమూలం ఎంత అని ఐదు చోట్ల అడగండి. పైథాన్ మ్యాథ్ మాడ్యూల్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. సీమ్యాథ్ మాడ్యూల్ 1 జే అంటుంది. నమ్‌పై 'నాన్', అంటే ఇది సంఖ్యే కాదు అని రాసి, ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది. మ్యాట్‌ల్యాబ్ అడక్కుండానే సంకీర్ణ సంఖ్య ఇచ్చేస్తుంది. జూలియా ఎర్రర్ ఇస్తుంది, కానీ దాంతోపాటు 'నీకు సంకీర్ణ జవాబు కావాలంటే సంఖ్యని సంకీర్ణంగా మార్చి ఇవ్వు' అని దారి కూడా చెప్తుంది.

పైథాన్ ఒక్కదాంట్లోనే మూడు రకాల మర్యాదలు ఉన్నాయి. నా ప్రోగ్రామ్‌లో 108కి వర్గమూలాన్ని పైథాన్ పద్ధతిలో కాకుండా నమ్‌పై ఫంక్షన్‌తో తీస్తే చాలు, మిగతా లైన్లు ముట్టుకోకపోయినా చివరి జవాబు 3.098 + 0.634 జే నుంచి నాన్‌కి మారిపోతుంది. సూత్రం అదే, అంకెలు అవే. ఒక సంఖ్య ఏ ఇంట్లో పుట్టిందో దాన్నిబట్టి జవాబు మారింది.

నమ్‌పై కనీసం వార్నింగ్ ఇస్తుంది కదా అంటారేమో. మన బ్రాంచ్‌లో ఎంతమంది ప్రోగ్రామ్‌లలో రెండో లైను 'ఫిల్టర్‌వార్నింగ్స్ ఇగ్నోర్' అని ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరో సీనియర్ రాశారు, మనం కాపీ కొట్టాం. ఎర్ర అక్షరాలు కనపడకపోతే ప్రోగ్రామ్ బాగున్నట్టే.

పోలికల దగ్గరికి వస్తే ఇంకా విచిత్రం. రెండు సంకీర్ణ సంఖ్యల్లో ఏది పెద్దది అనే ప్రశ్నకి గణితంలో సహజమైన జవాబు లేదు. పైథాన్ నిజాయితీగా 'పోల్చలేను' అని ఎర్రర్ ఇస్తుంది. నమ్‌పైని ఒక లిస్టు సార్ట్ చేయమంటే ముందు వాస్తవ భాగం, అవి సమానమైతే కల్పిత భాగం చూసి, డిక్షనరీలో మాటల్లాగా వరుస పెడుతుంది. మ్యాట్‌ల్యాబ్‌లో మ్యాక్స్ ఫంక్షన్ పరిమాణం చూస్తుంది, పక్కనే ఉన్న 'గ్రేటర్ దేన్' గుర్తు వాస్తవ భాగం మాత్రమే చూస్తుంది. అందుకని మైనస్ 5 + ఐ, 2 + ఐ రెండూ ఇస్తే మ్యాక్స్ ప్రకారం మొదటిది పెద్దది, గుర్తు ప్రకారం రెండోది పెద్దది. ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో రాసే ఉన్నాయి. చదివేవాళ్ళు ఎవరు?

నాకు నిద్రపట్టకుండా చేసిన ఉదాహరణ మాత్రం ఇంకోటి. సీమ్యాథ్‌లో మైనస్ 1కి వర్గమూలం అడిగితే 1 జే. అదే మైనస్ 1ని కొంచెం తిప్పి, ముందు 1 + 0 జే రాసి, దాని ముందు మైనస్ పెట్టి అడిగితే మైనస్ 1 జే! ఆ రెండూ సమానమా అని పైథాన్‌నే అడిగితే 'ట్రూ' అంటుంది. సమానమైన రెండు సంఖ్యలు, ఒకే ఫంక్షన్, రెండు వ్యతిరేక జవాబులు. ఇది బగ్ అనే అనుకున్నాను. కాదు. మైనస్ పెట్టినప్పుడు ఆ సున్నా కూడా మైనస్ సున్నా అయింది. కంప్యూటర్‌లో ప్లస్ సున్నా, మైనస్ సున్నా అని రెండున్నాయి.

దీనికి నేను అర్థం చేసుకున్న పోలిక పొలం గట్టు. ఇందాక చెప్పిన ఒప్పందంలో కోణం 180 దాటగానే మైనస్ 180కి దూకుతుంది. అంటే రుణసంఖ్యల గీత పొడుగునా ఒక గట్టు ఉంది. గట్టుకి పైన ఉన్న పొలంలో వర్గమూలం ఒకటి, కింద పొలంలో దానికి సరిగ్గా వ్యతిరేకం. మరి గట్టు మీద నిలబడినవాడు ఏ పొలం మనిషి? ఎటునుంచి ఎక్కాడో చెప్తే తేలుతుంది. ప్లస్ సున్నా అంటే పైనుంచి ఎక్కాడు, మైనస్ సున్నా అంటే కింద నుంచి ఎక్కాడు. సున్నా పక్కన ఉన్న ఆ చిన్న గుర్తు అతను వచ్చిన దారికి జ్ఞాపకం.

ఈ సంగతి మీద విలియమ్ కహాన్ 1987లో ఒక పెద్ద వ్యాసమే రాశాడు. మన కంప్యూటర్లన్నీ దశాంశాలు లెక్కపెట్టే ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో రావడానికి ముఖ్యుడైన మనిషి, 1989లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. ఆ వ్యాసానికి షేక్స్‌పియర్ నాటకం పేరుని విరిచి 'మచ్ అడో ఎబౌట్ నథింగ్స్ సైన్ బిట్' అని ఉపశీర్షిక పెట్టాడు. ఏమీ లేనిదాని గుర్తు గురించి ఇంత గోలా అని. ద్రవం గొట్టంలోంచి ఎలా పారుతుందో గీసే బొమ్మలో కూడా, సున్నా గుర్తు పోగొట్టుకుంటే గీత తప్పు చోటికి పోతుందని ఆయన చూపించాడు. లెక్కల మనిషికి సాహిత్యం ఎందుకు అనేవాళ్ళకి ఈ శీర్షిక చూపిద్దామని దాచుకున్నాను.

దీన్నిబట్టి నా అభిప్రాయం. గట్టు ఎక్కడో ఒకచోట వేయక తప్పదు. ప్రధాన విలువ కూడా తప్పదు. సిగ్నల్స్, కంట్రోల్ సిస్టమ్స్ చేసే ఈసీఈ, ఈఈఈ వాళ్ళకి పొద్దున లేస్తే సంకీర్ణ సంఖ్యలే. వాళ్ళకి మ్యాట్‌ల్యాబ్ అడక్కుండా సంకీర్ణ జవాబు ఇవ్వడం సౌకర్యమే. ప్రతిదానికీ ఎర్రర్ ఇస్తూ కూర్చుంటే పని సాగదు. ఈ వాదనలో బలం ఉందని ఒప్పుకుంటాను. కానీ నేను వాస్తవ సంఖ్య ఇచ్చి అడిగినప్పుడు, చెప్పా పెట్టకుండా సంఖ్య జాతి మార్చేసి జవాబు ఇవ్వడం మాత్రం సరికాదు. వాస్తవ ప్రపంచంలో అడుగుతున్నానా, సంకీర్ణ ప్రపంచంలో అడుగుతున్నానా అనేది అడిగేవాడి నిర్ణయం. లైబ్రరీ ఊహించకూడదు. తెలియకపోతే ఆగాలి, ఆగి దారి చెప్పాలి. జూలియా చేసేది అదే. ప్రోగ్రామ్ ఆగిపోతే నాకు ఐదు నిమిషాలు చిరాకు. ఆగకుండా తప్పు జవాబిస్తే దాని మీద సంతకం పడిపోతుంది.

ఇక్కడ మన వైపు కథ ఒకటి చెప్పాలి. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో రుణసంఖ్య స్వభావరీత్యా ఏ సంఖ్యకీ వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదని స్పష్టంగా చెప్పాడు. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మల్లన పేరు నాకు మన క్లబ్బు వల్లే తెలిసింది. లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో రాశాడంటే మొదట నమ్మలేదు. మహావీరుడి మాట విని 'పాపం, ఆయనకి సంకీర్ణ సంఖ్యలు తెలీవు' అని నవ్వడం తేలిక. కానీ తను నిలబడిన ప్రపంచం ఏదో ఆయనకి తెలుసు, ఆ ప్రపంచంలో జవాబు లేదని తెగేసి చెప్పాడు. మ్యాథ్ మాడ్యూల్ ఇచ్చే ఎర్రర్ ఆయన గొంతే. బొంబెల్లి ఇంకో ప్రపంచంలోకి వెళ్ళాడు, వెళ్తున్నానని తెలిసే వెళ్ళాడు. అతను సీమ్యాథ్. ఇద్దరూ నిజాయితీపరులే. ఏ ప్రపంచంలో ఉన్నానో తెలియకుండా డాట్ రియల్ కొట్టినవాణ్ణి నేను.

అందుకే లైబ్రరీలు రాసేవాళ్ళకంటే ముందు మనకి మనం చెప్పుకోవాల్సినవి ఉన్నాయి. డాట్ రియల్ ఊరికే పెట్టకండి. పారేస్తున్న కల్పిత భాగం ఎంతుందో ముందు చూడండి. నమ్‌పైలో 'రియల్ ఇఫ్ క్లోజ్' అనే ఫంక్షన్ ఉంది, అది దుమ్మైతేనే దులుపుతుంది, బండరాయైతే వదిలేస్తుంది. వార్నింగ్‌లను నోరు మూయించే ఆ లైను ఈరోజే తీసేయండి. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన జవాబుని మళ్ళీ సమీకరణంలో పెట్టి చూడండి. ఆరో తరగతిలో 'సరిచూచుట' అని ప్రతి లెక్క కింద చేయించేవాళ్ళట, అన్న చెప్పాడు. మా స్కూల్లో దాన్ని 'వెరిఫికేషన్' అనేవాళ్ళు. ఏ భాషలో అన్నా, ఇంజినీరింగ్‌కి వచ్చాక మానేశాం.

మన ల్యాబ్‌ల గురించి కూడా ఒక మాట, కోపగించుకోకండి. మాకు సూత్రాలు నేర్పుతున్నారు, సింటాక్స్ నేర్పుతున్నారు. ఆ సూత్రం సింటాక్స్‌గా మారేటప్పుడు ఏం మారిపోతుందో చెప్పడానికి సెమిస్టర్‌లో ఒక్క గంట కేటాయిస్తే చాలు. లాగ్ ఆఫ్ ఏబీ అంటే లాగ్ ఏ ప్లస్ లాగ్ బీ అని బోర్డు మీద రాస్తాం. సీమ్యాథ్‌లో ఏ, బీ రెండూ మైనస్ 1 పెట్టి చూడండి. ఎడమవైపు సున్నా, కుడివైపు రెండు పై జే. మనం నమ్మిన ఎన్ని సూత్రాలు గట్టు దాటగానే పనిచేయవో ఆ ఒక్క గంటలో చూపించవచ్చు.

ఎగ్జామ్ అయ్యాక నేను రికార్డు పట్టుకుని సర్ దగ్గరికి వెళ్ళాను. "సర్, మీరు సంతకం పెట్టిన ప్రోగ్రామ్ తప్పు" అని చెప్పడానికి గది బయట పది నిమిషాలు నిలబడ్డాను. సర్ 3.098 చూసి, నోటితో 2 లెక్కేసి, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తన సంతకం మీద తనే ఎర్ర పెన్నుతో గీత కొట్టి, "మళ్ళీ రాసి తీసుకురా" అన్నారు. మార్కు తగ్గిందో లేదో ఇంకా తెలీదు.

కొత్త ప్రోగ్రామ్ పాతదానికంటే రెండు లైన్లు పెద్దది. ఆ రెండు లైన్లూ వచ్చిన జవాబుని సమీకరణంలో పెట్టి, సరిపోకపోతే ఆగిపొమ్మని చెప్తాయి.